థర్మామీటర్ పాడవలేదండి, వేడి వేరే పనిలో ఉంది

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. మీరుండేది హైదరాబాద్. తొమ్మిదో తరగతి చదివే మీ పాప గిన్నెలో ఐసుముక్కలు వేసి, సన్నమంట మీద పెట్టి, చెంచాతో కలుపుతూ ల్యాబ్ థర్మామీటర్‌తో కొలిచింది. సున్నా దగ్గర 4 నిమిషాల పాటు పాదరసం కదల్లేదు. ఐసంతా కరిగాక 5 నిమిషాల్లో 98కి వెళ్ళి మళ్ళీ ఆగిపోయింది. మంట పెంచినా 100 చూపించలేదు. థర్మామీటర్ పాడైందా? పాడవకపోతే ఆ వేడంతా ఎక్కడికి పోయింది? వేడిచేస్తే కరుగుతుంది, చల్లబరిస్తే గడ్డకడుతుంది అంటారు కదా, మరి గుడ్డు వేడిచేస్తే గట్టిపడుతుందేం? ఈ మూడూ పాప అడిగినవి.

నేను మాస్టారిని కాను. భీమవరం వైపు ఐసు ఫ్యాక్టరీల్లో 26 ఏళ్ళు ఆపరేటర్‌గా చేశాను. మీ పాపకి వచ్చిన అనుమానమే నాకూ ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చింది. నాకు తెలిసింది అక్కడ నేర్చుకున్నదే కాబట్టి అటువైపు నుంచే చెప్తాను.

ముందు 98 సంగతి తేల్చేద్దాం, అది చిన్న విషయం. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగేది సముద్రమట్టంలో. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు అంత త్వరగా మరుగుతాయి. లెక్కేస్తే మీ ఊళ్ళో 98కి కాస్త అటూ ఇటూగా రావాలి, వచ్చింది. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ 88 దగ్గరే మరిగిపోతాయి. అక్కడ మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు ఉడకబెట్టినా పలుకు మిగిలిపోవడానికి కారణం అదే. కుక్కర్ చేసేది దీనికి రివర్సు. మూత బిగించి ఆవిరిని లోపలే ఒత్తిపెడితే నీళ్ళు 120 దాకా మరగవు. మీ థర్మామీటర్ మంచిదే, దాచుకోండి. ఒక్క మాట, ఇది చదివి ఎవరైనా జ్వరం చూసుకునే థర్మామీటర్‌తో ఈ ప్రయోగం చేసేరు, వద్దు. అది 42 దాటితే పగులుతుంది.

ఇక అసలు విషయం. పాప రాసుకున్న ఆ 4 నిమిషాలు, 5 నిమిషాలు నాకు భలే నచ్చాయి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక క్యాలరీ పడుతుంది. సున్నా నుంచి 98కి అంటే 98 క్యాలరీలు. ఒక గ్రాము ఐసును సున్నా దగ్గరే నీళ్ళుగా మార్చడానికి 80 క్యాలరీలు కావాలి. మంట ఒకేలా ఉంది కాబట్టి కరగడానికి 4 నిమిషాలు పడితే మరుగు రావడానికి 5 నిమిషాల లోపు పట్టాలి. సరిగ్గా అలాగే వచ్చింది. అంటే పొయ్యి ఒక్క క్షణం కూడా ఊరుకోలేదు. కరిగిన 4 నిమిషాల్లోనూ అంతే వేడి ఇచ్చింది. ఆ వేడి పాదరసాన్ని పైకి నెట్టలేదు, ఐసును నీళ్ళు చేసింది. అదే మంట మీద అలాగే వదిలేసి నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా చూసి ఉంటే ఇంకో 27 నిమిషాలు పట్టేది, ఎందుకంటే గ్రాము నీళ్ళు ఆవిరి కావడానికి సుమారు 540 క్యాలరీలు కావాలి. ఆ 27 నిమిషాలూ థర్మామీటర్ 98 దగ్గరే ఉండేది.

ఎందుకలా? నేను దీన్ని వలతో పోల్చి చెప్తుంటాను. ఐసులో నీటి అణువులు వల అల్లినట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కూర్చున్న చోటే వణుకుతుంటాయి గానీ కదలవు. వేడి తగిలితే ఆ వణుకు పెరుగుతుంది. వణుకు ఎంతో చూపించేదే థర్మామీటర్. ఒక హద్దు దాటాక వణుకు పెరగడం ఆగి, వల ముడులు ఊడటం మొదలవుతుంది. ముడులు విప్పడానికి ఖర్చయ్యే వేడి వణుకులోకి వెళ్ళదు, అందుకే థర్మామీటర్‌కి కనపడదు. ముడులు చాలినన్ని ఊడాక అదే సరుకు నీళ్ళు. ఇంకా ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి కానీ జారుతూ తిరుగుతాయి. మరిగేటప్పుడు మాత్రం పట్టు మొత్తం వదిలించుకుని ఒక్కోటిగా లేచిపోవాలి. అందుకే 80 ఎక్కడ, 540 ఎక్కడ.

వల అనడానికి ఇంకో కారణం ఉంది. పరిచిన వలలో కన్నాలుంటాయి, చోటు ఎక్కువ పడుతుంది. ముడులు ఊడితే కుప్పగా దగ్గరికి వస్తుంది. ఐసు కూడా అంతే, కరిగితే తగ్గుతుంది, గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది. ఐసు నీళ్ళలో తేలేదీ, ఫ్రీజర్‌లో మరిచిపోయిన గాజుసీసా పగిలేదీ ఇందుకే. ఫ్యాక్టరీలో డబ్బాను అంచుదాకా నింపొద్దని మొదటిరోజే చెప్తారు. అన్ని పదార్థాలూ ఇలా ఉండవు. నెయ్యి, మైనం లాంటివి పేరుకుంటే కుంచించుకుపోతాయి. కొవ్వొత్తి అచ్చు పోసినప్పుడు నడుమ గుంట పడటం చూసే ఉంటారు.

కరగడానికి ఖర్చయ్యే ఈ వేడిని మొదట కొలిచి చెప్పింది జోసెఫ్ బ్లాక్, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో, 1760ల మొదట్లో. కరగడానికి వేడి అంతగా అక్కర్లేకపోతే చలికాలం పోగానే ఊళ్ళో మంచంతా ఒక్కసారిగా కరిగి వరదలు రావాలి కదా, రావట్లేదేం అన్నది ఆయన ఆలోచన. మన పుస్తకాల్లో ఉన్న గుప్తోష్ణం అదే, దాక్కున్న వేడి. పేరు బానే పెట్టారు గానీ పిల్లలు దాన్ని నిర్వచనంగా బట్టీపట్టి వదిలేస్తారు, అదే నాకు బాధ.

ఇప్పుడు ఫ్యాక్టరీలోకి రండి. ఒక పెద్ద తొట్టి, నిండా ఉప్పునీళ్ళు. ఉప్పు వల్ల అవి −10 డిగ్రీల్లో కూడా గడ్డకట్టవు. అందులో వరసగా ఇనప డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్ళు, పైన చెక్కమూతలు. డబ్బా పైన వెడల్పు, కింద సన్నం. తర్వాత మామూలు నీళ్ళలో ఒకసారి ముంచి వంచితే దిమ్మ సర్రున జారి రావాలి మరి. నీళ్ళు గోడల వైపు నుంచి లోపలికి గడ్డకడతాయి. సగం మందం కట్టడానికి పావు వంతు టైమే పడుతుంది, మిగతా సగానికి మూడొంతులు. కట్టిన ఐసే దుప్పటిలా అడ్డం పడి లోపలి వేడిని బయటికి రానివ్వదు. అలా ఒక దిమ్మకి 20 గంటల పైన పడుతుంది. నడిబొడ్డున తెల్లగా కనపడేది చివర్లో కట్టిన భాగం. నీళ్ళలోని గాలీ, లవణాలూ లోపలికి నెట్టుకుంటూ పోయి అక్కడ చిక్కుకుంటాయి.

వేసవిలో నీళ్ళు 30 డిగ్రీలతో వస్తాయి. కిలో నీళ్ళను సున్నాకి దించడానికి సుమారు 125 కిలోజౌళ్ళ వేడి తియ్యాలి. సున్నా నీళ్ళను సున్నా ఐసు చెయ్యడానికి 334, పైన చెప్పిన గ్రాముకి 80 క్యాలరీలే ఇది. ఆ ఐసును −5కి తేవడానికి ఇంకో 10. కరెంటు బిల్లులో దాదాపు 70 శాతం పోయేది థర్మామీటర్ అసలు కదలని చోటే! ఓనరుకి ఇది చెప్తే మొదట్లో నమ్మలేదు.

ఇంకో సంగతి చాలామందికి మింగుడుపడదు. గడ్డకట్టేటప్పుడు నీళ్ళు వేడిని *ఇస్తాయి*. కరిగేటప్పుడు తీసుకున్నదంతా గడ్డకట్టేటప్పుడు తిరిగి కక్కాలి, పైసా తేడా రాదు. ఆ వేడి ఎటు పోతుందో చూడాలంటే మా కండెన్సర్ దగ్గర, అంటే లాగిన వేడిని బయటికి వదిలే గొట్టాల దగ్గర నిలబడాలి. తొట్టి గదిలో చలికి చేతులు కొంకర్లు పోతాయి, గోడకి అవతల కండెన్సర్ మీద పోసిన నీళ్ళు గోరువెచ్చగా పారుతుంటాయి. దిమ్మల్లోంచి లాగిన వేడే అది. మీ ఇంట్లో ఫ్రిజ్ వెనకో పక్కనో చెయ్యి పెట్టి చూడమనండి, అదే కథ.

ఆ వేడిని మోసుకెళ్ళేది అమ్మోనియా. మామూలు గాలి ఒత్తిడిలో అది −33 డిగ్రీలకే మరుగుతుంది. తొట్టిలోని గొట్టాల్లో తక్కువ ఒత్తిడి దగ్గర అది కళపెళా మరుగుతూ ఉంటుంది, గొట్టం బయట మాత్రం మంచు పేరుకుని ఉంటుంది. మరగడం అంటే కాలడం అని మనకి నీళ్ళ వల్ల అలవాటైంది. మరగడానికి వేడి కావాలి, అంతే, ఆ వేడి ఉప్పునీళ్ళ దగ్గర దొరికితే వాటి నుంచే లాక్కుంటుంది. అలా ఆవిరైన అమ్మోనియాని కంప్రెసర్ గాలి ఒత్తిడికి 15 రెట్ల దాకా నొక్కుతుంది. అంత ఒత్తిడిలో 40 డిగ్రీల దగ్గరే ఆవిరి మళ్ళీ ద్రవమైపోతుంది, మోసుకొచ్చిన వేడిని కండెన్సర్‌లో దించేస్తుంది. పదార్థం స్థితి మారడానికి వేడి ఒక్కటే కాదు, ఒత్తిడి కూడా చెయ్యి వేస్తుందని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. మీ గ్యాస్ సిలిండర్‌లో ఉన్నది కూడా ఒత్తిడికి లొంగి ద్రవమైన గ్యాసే. పెళ్ళివంటల దగ్గర పెద్ద పొయ్యిలు గంటలతరబడి మండుతుంటే సిలిండర్ కింది భాగం చెమటపట్టి, ఒక్కోసారి తెల్లగా మంచు కడుతుంది. లోపలి ద్రవం గ్యాసు కావడానికి సిలిండర్ ఇనుము నుంచి వేడి పీల్చుకుంటోంది. చెమట గీత ఎక్కడిదాకా ఉందో ద్రవం అక్కడిదాకా ఉందని వంటవాళ్ళు పసిగడతారు. మంట తగ్గిందని ఆ సిలిండర్‌ని పొయ్యి సెగ దగ్గరికి జరిపేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని ఎవరూ చెయ్యకండి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చేరిన రెండో వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఒకటిన్నర రోజు కరెంటు లేదు. అప్పట్లో మాకు జనరేటర్ కూడా లేదు. తొట్టి నిండా దిమ్మలు, అవతల రొయ్యల లారీలకి మాటిచ్చి ఉన్నాం. ఓనరు టెన్షన్ నాకూ అంటుకుంది. గంటకోసారి చెక్కమూతలు ఎత్తి చూస్తున్నాను. ఉప్పునీళ్ళు −10 నుంచి −8, −6 అని ఎక్కుతున్నాయి. కరిగిపోతున్నాయి, అయిపోయింది అని నేనొకటే గోల. పెద్ద మేస్త్రి వచ్చి నా వీపు మీద ఒక్కటి వేసి, "మూతలు ముయ్యరా ముందు. ఉప్పునీళ్ళు సున్నా దాటేదాకా ఐసు ఒక్క చుక్క కరగదు. దాటాక కూడా అంత ఐసు కరగాలంటే ఎంత వేడి రావాలో తెలుసా నీకు? ఆ వేడి నువ్వే తెస్తున్నావు మూతలెత్తి" అన్నాడు. కరెంటు వచ్చేసరికి తొట్టి −3 దగ్గరుంది. ఒక్క దిమ్మ కూడా పోలేదు. ఇంకా విచిత్రం, నడుమ నీళ్ళు మిగిలి ఉన్న డబ్బాల్లో గడ్డకట్టడం ఆగనే లేదు, మెషిన్ ఆగినా. చుట్టూ సున్నాకి కింద ఉన్నంతసేపూ ఎలా ఆగుతుంది? తొట్టి వేడెక్కడానికి కొంత కారణం ఆ నీళ్ళు కక్కిన వేడే.

ఈ మొండితనం మీదే ఒకప్పుడు సముద్రాలు దాటి వ్యాపారం నడిచింది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడలో 180 టన్నుల సరస్సు ఐసు రంపపు పొట్టులో పెట్టి కలకత్తా పంపారు. నాలుగు నెలల ప్రయాణం, వేడి సముద్రాలు. దిగేసరికి ఇంకా 100 టన్నుల దాకా మిగిలింది. మద్రాసు సముద్రపు ఒడ్డున ఇప్పటి వివేకానంద హౌస్ కూడా ఆ ఐసు దాచడానికి 1842లో కట్టిన ఐస్‌హౌసే. పొట్టు వేడిని నెమ్మదిగా రానిచ్చింది, వచ్చిన వేడిలో గ్రాముకి 80 క్యాలరీలు ఐసు మింగేసింది. మేమూ మొన్నమొన్నటి దాకా దిమ్మల మీద వరిపొట్టు, గోనెసంచులు కప్పేవాళ్ళం.

చేపల ప్యాకింగులో చల్లటి నీళ్ళు పోస్తే సరిపోదా, ఐసే ఎందుకని కొత్త వ్యాపారులు అడుగుతారు. సున్నా డిగ్రీల నీళ్ళు కిలో తీసుకుంటే 10 డిగ్రీలు వేడెక్కేలోపు 42 కిలోజౌళ్ళు తీసుకుంటాయి, ఈలోపు సరుకు వాసన మొదలు. కిలో ఐసు 334 తీసుకుని కూడా సున్నాలోనే ఉంటుంది. 30 డిగ్రీల చేపను సున్నాకి తేవడానికి కిలోకి 108 చాలు కాబట్టి లెక్క ప్రకారం కిలో ఐసు మూడు కిలోల చేపకి సరిపోవాలి. కానీ ఆకివీడు నుంచి కలకత్తా వెళ్ళే లారీకి దారంతా ఎండ ఉంటుంది. అందుకే కిలోకి కిలో వేస్తారు. ఏసీ కొన్నప్పుడు ఒకటిన్నర టన్ను అంటారే, అదీ ఐసు లెక్కే. ఒక టన్ను, అంటే అమెరికావాళ్ళ లెక్కలో 2,000 పౌన్ల సున్నా డిగ్రీల నీళ్ళను 24 గంటల్లో ఐసు చెయ్యడానికి ఎంత వేగంతో వేడి లాగాలో అది ఒక టన్ను. మన లెక్కలో సుమారు మూడున్నర కిలోవాట్లు.

వంటింటికి వస్తే, మంట పెంచినా 98 దాటలేదని పాప గమనించింది కదా. అదే మీకు గ్యాస్ ఆదా. మరుగు వచ్చాక పెద్దమంట పెడితే నీళ్ళు త్వరగా ఇగురుతాయి, పప్పు మాత్రం అదే 98లో ఉడుకుతుంది. సిమ్‌లో పెట్టి మూత పెట్టండి. ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు మాత్రం మొహం పక్కకి పెట్టమనండి. మరిగే నీళ్ళ కన్నా ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. చర్మం మీద నీళ్ళుగా మారేటప్పుడు ఆ 540 క్యాలరీలు అక్కడే వదులుతుంది కాబట్టి. ఇడ్లీ ఉడికేది కూడా ఆ సొమ్ముతోనే.

ఇలా ఒకే అంకె దగ్గర ఆగడం స్వచ్ఛమైన పదార్థాలకే. కలగలుపు సరుకు దగ్గర ఇది చెల్లదు. నెయ్యిలో రకరకాల కొవ్వులుంటాయి, అందుకే ఒకేసారి కరగదు, ముందు పూసపూసగా, తర్వాత పల్చగా అవుతుంది. పంచదార పాకంలో థర్మామీటర్ పెడితే ఆగకుండా ఎక్కుతూనే ఉంటుంది, నీళ్ళు తగ్గేకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది. నీళ్ళలో వేస్తే ఉండ కట్టే పాకం 115 ప్రాంతంలో ఉంటుంది. కుల్ఫీవాళ్ళు ఐసులో ఉప్పు కలిపేది దీనికి రెండో వైపు. ఉప్పు కలిస్తే సున్నాకి కిందే కరగాల్సి వస్తుంది, కరగడానికి కావాల్సిన వేడి ఆ ముద్ద నుంచే లాక్కుంటుంది, సున్నా నుంచి −20 దాకా దిగుతుంది. గంటలో పాలు గట్టిపడేది అందుకే.

కర్పూరం సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే తడి కూడా మిగల్చకుండా తరిగిపోతుంది, ద్రవం కాకుండానే నేరుగా గాలిలో కలుస్తుంది. ఉత్పతనం అంటారు.

గుడ్డుది స్థితి మార్పు కాదండి. స్థితి మారితే వెనక్కి తేవచ్చు, నీళ్ళు ఐసై మళ్ళీ నీళ్ళవుతాయి, మధ్యలో సరుకు మారదు. గుడ్డులో ఉండచుట్టుకుని ఉన్న ప్రొటీన్లు వేడికి విప్పుకుని, ఒకదానితో ఒకటి పెనవేసుకుని ముద్దైపోతాయి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా మళ్ళీ పచ్చిగుడ్డు కాదు. దోసెపిండి పెనం మీద దోసె అయిందంటే కరిగిందనో గడ్డకట్టిందనో అనం కదా, ఇదీ అంతే.

పాపకి ఇంకో ప్రయోగం చెప్పండి, పొయ్యి అక్కర్లేదు. అదే థర్మామీటర్ బల్బుకి తడిబట్ట చుట్టి ఫ్యాన్ కింద వేలాడదియ్యమనండి. పావుగంట తర్వాత, పక్కన పొడిగా ఉన్న థర్మామీటర్ కన్నా ఎంత దిగిందో చూడాలి. నీళ్ళు ఆవిరవడానికి 100 దాకా వెళ్ళక్కర్లేదు, మామూలు వేడిలోనే మెల్లగా లేచిపోతూ బల్బు వేడిని పట్టుకుపోతాయి. మట్టికుండ పనిచేసేది అలాగే. మే నెలలో మీ హైదరాబాద్ పొడిగాలికి పదిహేను డిగ్రీల దాకా దిగినా ఆశ్చర్యం లేదు. వర్షాకాలంలో మా భీమవరంలో చూస్తే మూడు డిగ్రీలు దిగడం గగనం. ఎంత వచ్చిందో, ఆ రోజు గాలి ఎలా ఉందో ఇక్కడే కింద రాయమనండి.